నింగికెక్కిన కెమెరా: నాదార్ జీవితం

ఊరి చివర మైదానంలో ఒక యువకుడు చేతిలో చిన్న పెట్టె పట్టుకొని నిలబడి ఉంటాడు. అతని తలపై నూరడుగుల ఎత్తున తుమ్మెద రొదవంటి చప్పుడుతో బొమ్మ హెలికాప్టరు ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాని కడుపుకు బిగించిన కెమెరా క్రింది పొలాలను, చెరువును, ఇండ్ల కప్పులను చిత్రిస్తూ పోతుంది. నేడు ఈ దృశ్యం పసిపిల్లలకు సైతం వింత గొలపదు. కాని ఆ కెమెరాను ఆ యంత్రానికి ఎలా బిగించాలన్న ప్రశ్న చూపుకు చిన్నదే అయినా, దానివెనుక నూట అరువది ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

ఎగిరే యంత్రానికి కెమెరా అమర్చబూనిన విద్యార్థి నాలుగు చిక్కులను విప్పుకోవలసి ఉంటుంది. మొదటిది బరువు. యంత్రం మోయగలిగినదానికన్న ఒక్క పిసరు ఎక్కువైనా అది నేల విడువదు. రెండవది కంపనం. రెక్కలు నిమిషానికి 1500 సార్లు తిరిగితే సెకనుకు 25 చుట్లన్నమాట. ఆ అదురు కెమెరాకు సోకితే చిత్రం అలుక్కుపోతుంది. మూడవది దిశ. కటకం చూడవలసిన వైపే చూస్తూ ఉండాలి. నాల్గవది ఆజ్ఞ. దూరాన ఉన్న కెమెరా కన్ను సరియైన క్షణంలో తెరచి మూయాలి. ఈ చిక్కులతో మొట్టమొదట తలపడి, ఆకాశంనుంచి తొలి ఛాయాచిత్రాన్ని తెచ్చినవాడు ఫ్రెంచి దేశీయుడు నాదార్. హెలికాప్టరన్న మాట పుట్టిన తొలినాళ్లలోనే ఆ యంత్రంపై నమ్మకముంచి, తన ఆస్తిని, దేహాన్ని పణంగా ఒడ్డినవాడు కూడా అతడే.

కెమెరా మూలసూత్రం ఐరోపాలోనే పుట్టలేదన్న సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. చీకటిగదిలోకి చిన్న రంధ్రంగుండా ప్రవేశించిన వెలుగు ఎదుటి గోడపై బయటి దృశ్యాన్ని తలక్రిందులుగా ఎలా నిలుపుతుందో పరీక్షించి వివరించినవారిలో అగ్రగణ్యుడు ఇబ్నుల్ హైసమ్. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి కైరోలో పరిశోధనలు సాగించిన ఆ మహాశాస్త్రజ్ఞుని కితాబుల్ మనాజిర్ దృక్‌శాస్త్రానికి పునాది అయింది. గోడపై నిలిచిన ఆ నీడను రసాయనాల సహాయంతో శాశ్వతంగా పట్టి ఉంచే విద్య మాత్రం 1839 లో పారిస్‌లో లోకానికి ప్రకటితమైంది. అప్పటికి నాదార్ పందొమ్మిదేండ్ల యువకుడు.

అతని అసలు పేరు గస్పార్ ఫెలిక్స్ తుర్నషోఁ. 1820 ఏప్రిల్‌లో పారిస్‌లో జన్మించాడు. తండ్రి విక్టర్ లియోఁ నగరం నుంచి వచ్చిన ముద్రాపకుడు, పుస్తక ప్రచురణకర్త. వ్యాపారం దెబ్బతిని, కుటుంబం అప్పులపాలై, 1837 లో తండ్రి మరణించేసరికి ఫెలిక్స్ వైద్యవిద్యను మధ్యలోనే వదులుకోవలసి వచ్చింది. తల్లిని, తమ్ముని పోషించే భారం అతనిపై పడింది. ఆ రోజుల్లో పారిస్ యువకులు మాటల చివర దార్ అన్న శబ్దాన్ని సరదాకు తగిలించి మాట్లాడుకొనేవారు. అలా తుర్నషోఁ తుర్నదార్ అయి, క్రమంగా నాదార్‌గా మిగిలాడు. ఉర్దూ తెలిసినవారికి ఈ పేరు వినగానే చిరునవ్వు వస్తుంది. మన భాషలో నాదార్ అంటే చేతిలో చిల్లిగవ్వ లేనివాడు. తెలుగు రెవెన్యూ కాగితాలలోనూ నాదారు అన్న మాట అదే అర్థంలో నిలిచింది. ఫ్రెంచి పేరుకూ ఉర్దూ మాటకూ ఏ చుట్టరికమూ లేకపోయినా, అతని జీవితంలో ఆ అర్థం పలుమార్లు నిజమైంది.

యౌవనంలో అతడు పత్రికలకు వ్రాసి పొట్ట పోసుకున్నాడు. తరువాత వ్యంగ్యచిత్రకారుడుగా పేరు తెచ్చుకున్నాడు. 1848 లో ఐరోపా అంతటా విప్లవాలు చెలరేగినప్పుడు పోలండు స్వాతంత్ర్యం కోసం బయలుదేరిన వాలంటీర్లతో కలసి నడచివెళ్లి, త్రోవలోనే ప్రష్యన్లకు చిక్కి నిర్బంధంలో గడిపాడు. తిరిగి వచ్చిన తరువాత 1850 లో అప్పు తీర్చలేక పారిస్‌లోని క్లిషీ చెరసాలను కూడా చూశాడు. ఆశయం కనబడితే ముందువెనుకలు చూడకుండా దూకడం, దూకిన తరువాత లెక్క చూచుకోవడం అతని స్వభావం. అందులోని గొప్పతనమూ లోపమూ రెండూ అతని వెంట తుదిదాకా నడిచాయి.

1854 లో అతడు పాంథెయోఁ నాదార్ అన్న పేరుతో ఒక పెద్ద శిలాముద్రణ చిత్రాన్ని వెలువరించాడు. నాటి ఫ్రెంచి రచయితలు దాదాపు 250 మంది పెద్ద తలలతో, చిన్న కాళ్లతో వరుసకట్టి నడుస్తున్నట్లు అందులో గీశాడు. ఇంతమంది ముఖాలను పట్టుకొనే పనిలో ఛాయాచిత్రం అతనికి మంచి సాధనంగా తోచింది. ఆ సంవత్సరమే ఎర్నెస్తీన్‌ను వివాహమాడాడు. తమ్ముడు అద్రియేన్‌కు ఫోటో స్టూడియో పెట్టించి, తానూ ఆ విద్య నేర్చాడు. పేరు వచ్చాక తమ్ముడు కూడా నాదార్ అన్న సంతకాన్ని వాడుకోవడంతో అన్నదమ్ముల నడుమ వ్యాజ్యం పుట్టింది. 1857 లో న్యాయస్థానం ఆ పేరు అన్నదేనని తీర్పు చెప్పింది. బోద్‌లేర్, ద్యూమా, జార్జ్ సాండ్, సారా బెర్నార్ మొదలైనవారిని అతడు తీసిన చిత్రాలు నేటికీ ఛాయాగ్రహణ కళకు మేలిమి నమూనాలు. పూల కుండీలు, తెరలు, అద్దకపు స్తంభాలు వంటి అలంకారాలను తొలగించి, సాదా గోడముందు మనిషిని నిలిపి, ప్రక్కనుంచి పడే వెలుగులో ముఖంలోని మనస్సును చూపడమే అతని పద్ధతి.

ఇంతటి పేరుతో సుఖంగా కూర్చోవడం అతనికి చేతకాలేదు. ఆకాశం అతణ్ణి పిలిచింది. బెలూనులో ఎక్కి క్రిందికి చూచినప్పుడు భూమి ఒక పటంలా పరచుకొని కనిపించింది. పొలాల గట్లు, బాటలు, వాగులు దేనికది స్పష్టంగా తెలిశాయి. ఈ దృశ్యాన్ని కెమెరాతో పట్టుకుంటే గొలుసులతో, కొలతకర్రలతో ఏండ్ల తరబడి సాగే భూమి సర్వే ఎంత సులభమవుతుందో కదా అని అతనికి తోచింది. ఆ ఆలోచనతోనే 1858 అక్టోబరులో బెలూనునుంచి ఛాయాచిత్రాలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. చేతిలో ఒక్క చిత్రమైనా లేకుండానే దాని ఉపయోగాన్ని ఇంత స్పష్టంగా ఊహించడం అతని దూరదృష్టికి నిదర్శనం.

అయితే ఊహ వేరు, పని వేరు. ఆనాటి ఛాయాగ్రహణం తడి కొలోడియన్ పద్ధతిలో సాగేది. గాజుపలకపై కొలోడియన్ పూసి, దానిని వెండి లవణపు ద్రావకంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి వెలుగు చూపి, వెంటనే చీకటిలో రసాయనాలతో కడగాలి. ఆ పలక ఆయువు కొద్ది నిమిషాలు మాత్రమే. కనుక కెమెరాను మాత్రమే పైకి తీసుకొనిపోతే చాలదు. చీకటిగది కూడా పైకి ఎక్కాలి. నాదార్ బెలూను బుట్టలో వెలుగు చొరని గుడారం అమర్చి, అందులో రసాయనాల సీసాలు, తొట్లు పేర్చాడు. ఈ బరువంతా ఒక మనిషి బరువుతోపాటు గాలిలో తేలాలి.

కెమెరాను కటకం నిటారుగా క్రిందికి చూచేటట్లు బుట్టకు బిగించాడు. కెమెరాను నేలవైపు వంచి నిలిపే ఆ అమరికే నేటి మన బొమ్మ హెలికాప్టర్ల క్రింద కనిపించే చట్రానికి తాత అనవచ్చు. బెలూను గాలికి కొట్టుకొని పోకుండా త్రాళ్లతో నేలకు కట్టి ఉంచాడు. కాని త్రాడు కట్టిన బెలూను కట్టుగొయ్యకు కట్టిన గుర్రంవంటిది; పారిపోలేదుగాని కుదురుగానూ ఉండదు. అది ఊగుతుంది, తన చుట్టూ తాను తిరుగుతుంది. నేలమీద స్టూడియోలో కూర్చున్న మనిషినే కదలవద్దని బతిమాలుకొనే రోజుల్లో, తానే ఊగుతున్న కెమెరాతో చిత్రం తీయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

మొదటి ప్రయత్నం విఫలమైంది. పలకపై చిత్రం లేదు. నల్లని మసివంటి పొర మాత్రమే ఉన్నది. రెండవసారీ అంతే. గుడారంలోకి వెలుగు చొరబడిందేమోనని దానికి మరొక పొర వేశాడు. ద్రావకం చెడిందేమోనని మార్చాడు. తొట్లు కడిగి, గాజు తుడిచి, ప్రతి మెట్టునూ మళ్లీ మళ్లీ పరీక్షించాడు. అవే పలకలు, అవే రసాయనాలు నేలమీద చక్కగా పనిచేస్తాయి. ఆకాశంలోకి పోగానే నల్లబడిపోతాయి. పైకెక్కిన ప్రతిసారీ గ్యాసుకు, కూలీలకు డబ్బు ధారపోయవలసి వచ్చేది. స్టూడియోలో సంపాదించినది మైదానంలో ఆవిరైపోతున్నది. చూచేవారు నవ్వారు. మిత్రులు మానుకొమ్మని హితవు చెప్పారు.

చివరకు కారణం దొరికింది. అది కెమెరాలో లేదు, కటకంలో లేదు, రసాయనాలలోనూ లేదు. తలపైన ఉన్న బెలూనులో ఉన్నది. బెలూను నింపడానికి వాడినది వీధిదీపాలకు వాడే బొగ్గుగ్యాసు. అందులో గంధకంతో కూడిన వాయువు కలసి ఉండేది. బెలూను పైకి పోయేకొద్దీ లోపలి గ్యాసు వ్యాకోచిస్తుంది గనుక, సంచి పగిలిపోకుండా దాని మెడను క్రిందివైపు తెరచి ఉంచుతారు. ఆ మెడగుండా వెలువడిన గ్యాసు సరాసరి బుట్టలోని గుడారంపైకి దిగి, పలకమీది వెండి లవణాన్ని నల్లబరచింది. మన ఇండ్లలో వెండి గిన్నె నల్లబడడానికి మూలమైన రసాయన క్రియయే అక్కడా జరిగింది. ఇన్నాళ్లూ అతడు కెమెరాను శంకించాడు. దోషం కెమెరాను మోసే వాహనానిది.

కారణం తెలిసిన తరువాత అతడు ఆలస్యం చేయలేదు. పారిస్ శివారున పెతీ బిసేత్ర్ అన్న పల్లె దగ్గర బెలూను మెడ మూసివేసి మరల పైకెక్కాడు. మెడ మూసిన బెలూనులో ఎక్కువ ఎత్తుకు పోవడం ప్రాణాపాయమని అతనికి తెలుసు. గ్యాసు కూడా తగ్గి, బెలూను భారంగా ఉన్నది. బరువు ఎంత తగ్గించగలడో అంతా తగ్గించి దాదాపు 80 మీటర్ల ఎత్తుకు చేరి, పలకకు వెలుగు చూపి, దిగివచ్చి కడిగాడు. మసకగానైనా చిత్రం నిలిచింది. క్రింది పల్లెలోని కొద్దిపాటి ఇండ్లు, వాటి కప్పులు, బాట గుర్తుపట్టదగినట్లు కనిపించాయి. మానవుడు ఆకాశంనుంచి తీసిన మొదటి ఛాయాచిత్రమది. ఆ పలక కాలగర్భంలో కలసిపోయింది. నేడు మిగిలి ఉన్నవాటిలో ప్రాచీనమైనది 1860 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరంపై జేమ్స్ వాలెస్ బ్లాక్ తీసిన చిత్రం. నాదార్ స్వయంగా తీసినవాటిలో పారిస్ విజయతోరణం పరిసరాలను చూపే 1868 నాటి చిత్రాలు మనకు దక్కాయి.

1859 లో ఇటలీ యుద్ధం వచ్చినప్పుడు శత్రుసేనల ఉనికిని బెలూనునుంచి చిత్రించి ఇవ్వవలసిందిగా తనను కోరారని, తాను నిరాకరించానని అతడు తన స్మృతులలో వ్రాసుకున్నాడు. భూమిని కొలవడానికి పనికివచ్చే కన్ను తుపాకీ గురికి కూడా పనికివస్తుందన్న సత్యం ఆనాడే ముందుకు వచ్చిందన్నమాట. ఆకాశం తరువాత అతడు పాతాళాన్ని చూడబూనాడు. విద్యుద్దీపం ఇంకా ఇండ్లకు రాని ఆ రోజుల్లో, వీధిలో బ్యాటరీలు పేర్చి తీగలు క్రిందికి దించి, పారిస్ నగరపు భూగర్భ శ్మశానాలను, మురుగు కాలువలను కృత్రిమకాంతిలో చిత్రించాడు. ఒక్కొక్క చిత్రానికి 18 నిమిషాలవరకు వెలుగు చూపవలసి వచ్చేది. అంతసేపు కదలకుండా నిలబడగల మనిషి లేడు గనుక, పనివారికి బదులు బొమ్మలకు దుస్తులు తొడిగి నిలిపాడు.

బెలూనుతో ఇంత పని చేయించినవాడే బెలూనును నమ్మలేదు. అదే అతని జీవితంలోని విశేషం. గాలి ఎటు వీస్తే అటు పోవలసిన వాహనం నిజమైన వాహనం కాదని అతడు గ్రహించాడు. పక్షి గాలికన్న బరువైనది. అయినా తన ఇష్టం వచ్చినవైపు ఎగురుతుంది. కనుక మనిషి కూడా గాలికన్న బరువైన యంత్రంతోనే ఎగరాలి. ఈ అభిప్రాయమే కలిగిన పొంతోఁ దామెకూర్, ద లా లాందెల్ అన్న ఇరువురు అతనికి తోడయ్యారు. గాలిలో తిరిగే మరవంటి రెక్కతో పైకి లేచే యంత్రానికి, మెలిక అన్న అర్థమిచ్చే గ్రీకు పదాన్నీ రెక్క అన్న అర్థమిచ్చే పదాన్నీ కలిపి హెలికాప్టర్ అన్న పేరు కూర్చినవాడు ఈ దామెకూరే. అతడు చేసిన గడియారపు స్ప్రింగు బొమ్మలు కొద్ది మీటర్లు పైకి లేచేవి. అల్యూమినియంతో చేయించిన ఆవిరి నమూనా మాత్రం తన బరువును తాను ఎత్తుకోలేకపోయింది. సూత్రం సరియైనదే, దానికి తగిన తేలికైన ఇంజను ఇంకా పుట్టలేదు.

1863 జూలై 30 న నాదార్ తన స్టూడియోలో పండితులను, పాత్రికేయులను సమావేశపరచి ఆ చిన్న హెలికాప్టరు బొమ్మలను ఎగురవేయించి, గాలికన్న బరువైన యంత్రాలకే భవిష్యత్తు ఉన్నదని ప్రకటించాడు. అటువంటి యంత్రాలను ప్రోత్సహించడానికి ఒక సంఘం ఏర్పడింది. నవలాకారుడు జూల్ వెర్న్ కూడా అందులో పాలుపంచుకున్నాడు. ప్రయోగాలకు ధనం కావాలి. ధనం కోసం నాదార్ ఎన్నుకున్న మార్గం విచిత్రమైనది: ప్రపంచంలో ఎవరూ చూడనంతటి బెలూను కట్టించి, ప్రజలకు టిక్కెట్లు పెట్టి చూపి, వచ్చిన డబ్బుతో బెలూన్లకు కాలం చెల్లించే యంత్రాన్ని నిర్మించాలని!

ఆ బెలూనుకు జెయాఁ, అనగా మహాకాయుడు, అని పేరు పెట్టాడు. 6000 ఘనమీటర్ల గ్యాసు పట్టే ఆ సంచికి దాదాపు 20,000 మీటర్ల పట్టువస్త్రం పట్టింది. దాని క్రింద వేలాడే బుట్ట రెండంతస్తుల వెదురుటిల్లువంటిది; అందులో గదులు, ఛాయాచిత్రాలు కడిగే చోటు కూడా ఉండేవి. 1863 అక్టోబరు 4 న పారిస్‌లో అశేష జనసమూహం చూస్తుండగా 13 మందితో పైకి లేచింది. కాని కొద్ది గంటలకే, పారిస్‌కు 40 కిలోమీటర్ల దూరంలోని మో పట్టణం దగ్గర దిగిపోయింది. దేశాలు దాటుతుందనుకున్న మహాకాయుడు పొరుగూరికి పోయివచ్చాడని జనం నవ్వుకున్నారు.

రెండు వారాల తరువాత అక్టోబరు 18 న నాదార్ మళ్లీ బయలుదేరాడు. ఈమారు భార్య ఎర్నెస్తీన్ కూడా అతని వెంట ఉన్నది. రాత్రంతా ప్రయాణించి బెల్జియం, హాలండు దాటి మర్నాటి ఉదయానికి జర్మనీలోని హనోవర్ ప్రాంతం చేరారు. దిగే సమయంలో పెనుగాలి వీచింది. లంగరులు నిలువలేదు. గాలి నిండిన మహాకాయుడు తెరచాపవలె ముందుకు దూకుతూ, బుట్టను పొలాలమీద, చెట్లమీద కిలోమీటర్ల పర్యంతం ఈడ్చుకొనిపోయాడు. ప్రయాణికులు తొమ్మిదిమందిలో ఎవరూ మరణించకపోవడం భాగ్యమే. నాదార్ కాలు విరిగింది. ఎర్నెస్తీన్‌కు తీవ్రమైన గాయాలయ్యాయి. బెలూనును నడపడం మనిషి చేతిలో లేదని అతడు ఎన్నో ఉపన్యాసాలలో చెప్పాడు. ఆ ఒక్క ఉదయం ఆ మాటను ఎవరూ కాదనలేని విధంగా నిరూపించింది. కాని ఆ నిరూపణకు భార్య శరీరం కూడా వెల అయింది. ఉత్సాహవంతుల జీవితాలు చదివేటప్పుడు వారి వెంట నడిచినవారు మోసిన కష్టాన్ని మనం మరువరాదు.

గాయాలు మానినా అప్పులు మానలేదు. 1864 లో బ్రస్సెల్సులో మహాకాయుణ్ణి ఎగురవేసినప్పుడు, జనం మీదపడకుండా చుట్టూ దడి కట్టించాడు. బెల్జియంలో నేటికీ గుంపులను అదుపుచేసే దడులను నాదార్లనే పిలుస్తారు. 1865 లో ఎగిరే హక్కు అన్న గ్రంథం వ్రాశాడు. అదే సంవత్సరం జూల్ వెర్న్ చంద్రలోక యాత్ర నవలలో ప్రాణాన్ని లెక్కచేయని సాహసికి మిషెల్ ఆర్దాఁ అని పేరు పెట్టాడు. ఆ ఇంటిపేరులోని అక్షరాలను అటూ ఇటూ మారిస్తే నాదార్ అవుతుంది. కీర్తి దండిగా వచ్చింది. హెలికాప్టరుకు కావలసిన ధనం మాత్రం రాలేదు. టిక్కెట్ల రాబడి ఖర్చులకే చాలలేదు.

తాను నిందించిన బెలూనుతోనే దేశానికి మహోపకారం చేయవలసిన ఘడియ 1870 లో వచ్చింది. ప్రష్యన్ సేనలు పారిస్‌ను ముట్టడించాయి. రైళ్లు, తపాలా, తంతి అన్నీ తెగిపోయాయి. నాదార్ మిత్రులతో కలసి మోఁమార్త్ర్ గుట్టపై బెలూన్ల దళాన్ని నెలకొల్పాడు. సెప్టెంబరు 23 న నెప్త్యూన్ అన్న బెలూను ఉత్తరాల సంచులతో శత్రువుల తలలపైగా ఎగిరిపోయింది. ముట్టడి ముగిసేలోగా 60కి పైగా బెలూన్లు 20 లక్షలకు మించిన ఉత్తరాలను బయటకు చేర్చాయి. బెలూను బయటకు పోగలదేగాని తిరిగి రాలేదు. గాలి ఎవరి మాటా వినదు. అందుచేత జవాబులను ఛాయాగ్రహణంతో అతి సూక్ష్మంగా కుదించి, పావురాల తోకకు కట్టి పంపే ఏర్పాటు జరిగింది. కెమెరా, ఆకాశం ఈ విధంగా మరొకసారి చేయి కలిపాయి. యుద్ధం ముగిసేసరికి నాదార్ తన పేరుకు ఉర్దూ అర్థంలో సార్థకుడయ్యాడు.

అటుపై అతడు మళ్లీ సాధారణమైన స్టూడియో పనితో జీవనం సాగించాడు. 1874 లో, అధికార ప్రదర్శనశాలలు ఆదరించని యువ చిత్రకారులు మోనే, రెన్వార్, దెగా ప్రభృతులు తమ తొలి ప్రదర్శన జరుపుకొన్నది కాప్యుసీన్ వీధిలోని అతని పాత స్టూడియోలోనే. ఇంప్రెషనిజం అన్న ఉద్యమం పేరు ఆ ప్రదర్శననుంచే వచ్చింది. 1886 లో నూరేండ్లు నిండిన రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రల్‌తో నాదార్ సంభాషిస్తుండగా కుమారుడు పాల్ వరుసగా చిత్రాలు తీశాడు. చిత్రాలతో కూడిన పత్రికా ముఖాముఖి సంభాషణలకు అది తొలి ఉదాహరణ. 1900 లో తన ఛాయాగ్రహణ స్మృతులను గ్రంథరూపంలో వెలువరించాడు. 1909 లో ఎర్నెస్తీన్ కన్నుమూసింది. ఆ సంవత్సరమే జూలై 25 న బ్లేరియో అన్న ఫ్రెంచి వైమానికుడు గాలికన్న బరువైన విమానంలో ఇంగ్లీషు కాలువను దాటాడు. ముసలి నాదార్ అతనికి తంతిద్వారా అభినందనలు పంపాడు. నలువదియారేండ్ల క్రితం తన స్టూడియోలో చెప్పిన మాట నిజమైన దినమది. 1910 మార్చిలో, తొంబదవ పుట్టినరోజుకు పక్షం రోజుల ముందు, పారిస్‌లో తనువు చాలించాడు. పేర్ లాషేజ్ శ్మశానంలో అతని సమాధి ఉన్నది.

అతడు వదలిన దారిలో ఇతరులు నడిచారు. 1888 లో ఫ్రాన్సులోనే ఆర్తూర్ బత్యూ గాలిపటానికి కెమెరా కట్టి, నిదానంగా కాలే వత్తితో దాని కన్ను తెరిపించాడు. 1907 ప్రాంతంలో జర్మనీలో నాయ్‌బ్రోనర్ అన్న మందుల వ్యాపారి 75 గ్రాములకు మించని కెమెరాను పావురం రొమ్ముకు పట్టీలతో బిగించాడు. ఆ సంవత్సరమే పాల్ కొర్నూ అన్న ఫ్రెంచి సైకిళ్ల తయారీదారు కట్టిన హెలికాప్టరు మనిషితో నేల విడిచి కొద్దిపాటి ఎత్తుకు లేచింది. అమెరికాలో సికోర్‌స్కీ 1939 లో ఎగురవేసిన యంత్రంతో హెలికాప్టరు ఒక రూపానికి వచ్చింది. 1960ల చివర జర్మనీలో డీటర్ ష్లూటర్ చేసిన ప్రయోగాలు రేడియోతో నడిచే బొమ్మ హెలికాప్టరును అభిరుచి గలవారి చేతికి తెచ్చాయి. నాదార్ ప్రేమించిన కెమెరాకు, అతడు నమ్మిన మరరెక్కకు చివరకు ఇట్లా వివాహం జరిగింది.

ఆ రెంటినీ కలిపే చట్రంలో నాదార్ పాఠమే ఉన్నది. కెమెరాను యంత్రానికి మరలతో గట్టిగా బిగిస్తే పదిలంగా ఉంటుందని మొదటిసారి చేసేవారు భావిస్తారు. నిజానికి రెక్కల అదురు ఆ మరలగుండానే కెమెరాకు ప్రాకుతుంది. నడుమ మెత్తని రబ్బరు దిండ్లు ఉంచి వ్రేలాడదీస్తే అదురు అక్కడే ఆగుతుంది. కెమెరా బరువు రెక్కల ఇరుసుకు సరిగా క్రింద పడకపోతే యంత్రం ఒకవైపు వాలుతుంది. కనుక కెమెరాను ముందుకు అమర్చితే బ్యాటరీని వెనుకకు జరపాలి. చట్రం కోసం అల్యూమినియం రేకో పలుచని ప్లైవుడ్డో వాడినా, ప్రతి రంధ్రం, ప్రతి మర త్రాసులో తూగి తీరాలి. చిత్రం చెడినప్పుడు కెమెరాను తిట్టడం సులభం; దానిని మోస్తున్నది ఏమి చేస్తున్నదో చూడడమే వివేకం. బెలూను మెడనుంచి దిగిన గ్యాసు కథ నేర్పేది అదే.

నాదార్ ఊహించిన సర్వే కూడా మన గడపలోకి వచ్చింది. 2020 లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వామిత్వ పథకం క్రింద గ్రామాల నివేశన స్థలాలను డ్రోన్లతో చిత్రించి పటాలు తయారుచేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరం డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో కూడా డ్రోన్లను వాడారు. 1858 నాటి పేటెంటు కాగితంలోని ఆలోచన 162 ఏండ్ల తరువాత మన పొలం గట్లమీద నడిచింది.

విద్యార్థి మిత్రులారా, నాదార్ తాను కోరిన హెలికాప్టరును చూడకుండానే పోయాడు. అతని మహాకాయుడు నష్టాన్నే మిగిల్చాడు. అతని మొదటి ఆకాశచిత్రం నేడు ఎక్కడా లేదు. లాభనష్టాల పద్దు వ్రాస్తే అతని పేరు ఎదుట నాదారు అనే వ్రాయవలసి వస్తుంది. అయినా నేడు ఎగిరే ప్రతి కెమెరా అతనికి ఋణపడి ఉన్నది. ప్రయోగశాలలో పలక నల్లబడినప్పుడు దానిని దాచివేసి పొరుగువాని ఫలితం చూచి వ్రాసుకొనే విద్యార్థికి ఒక మార్కు దక్కవచ్చు. అది ఎందుకు నల్లబడిందని అడిగినవానికే సత్యం దక్కుతుంది. కళాశాల పెద్దలు కూడా విద్యార్థుల చేతులు విరగకొట్టిన యంత్రాలను కేవలం నష్టం క్రింద లెక్కవేయక, నేర్చిన పాఠాల క్రింద కూడా ఒక పద్దు వ్రాసి ఉంచితే, మన ప్రాంగణంపైన కూడా ఒకనాడు మన పిల్లలు తమ చేతులతో బిగించిన కెమెరా ఎగురుతుంది. అది తెచ్చే మొదటి చిత్రం మసకగా ఉన్నా విచారించవలసిన పనిలేదు. నాదార్ తెచ్చినది కూడా మసక చిత్రమే.